జడ్డిగానికి వాలు బెజ్జాలు

నేను ఇన్నాళ్లూ ఏమీ రాయకపోవడానికి కారణం చిన్నదే: నాకు రాయడం వచ్చేది కాదు. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. జనగామలో మా ఇంటి దగ్గరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే పనికి కుదిరాక, గిన్నెలు తోమి బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఒకటో తరగతి గదిలో వెనక గోడకు ఆనుకుని కూర్చుని నేర్చుకున్నాను. "ఆయమ్మా, నీ అక్షరాలన్ని ఒక్క దిక్కే ఒరుగుతున్నయ్" అని పిల్లలు నవ్వితే, "ఒరిగితె ఒరగనీయుండ్రి, పడిపోతలేవు గద" అనేదాన్ని.

చిన్నప్పుడు బడికి ఎందుకు పోలేదని మనవరాలు అడుగుతుంటుంది. లేనితనమా, ఆడపిల్లవనా అని తనకు తెలిసిన రెండు జవాబులూ తనే అందిస్తుంది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ మా నాయిన నాకు పలక కొన్నాడు, మా అవ్వ, అంటే మా అమ్మ, కొత్త లంగా కుట్టించింది, మా అన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోతానన్నాడు. నన్ను బడి మాన్పించినవాళ్లు ఎవరూ లేరు. ఆ సంగతి చెప్పాలంటే ముందు జడ్డిగం సంగతి చెప్పాలి. జడ్డిగం అంటే ఏమిటో మా మనవరాలికి తెలియదు, దాని బళ్లో పంతుళ్లకూ తెలియదేమో.

మొన్న మా బిడ్డ ఇంట్లో కిటికీకి పరదా కట్టే కర్ర బిగించడానికి ఒక పనివాడు వచ్చాడు. నేను వంటింట్లో చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. అతను ఆ గుండ్రటి కర్రకు కరెంటు బర్మతో బెజ్జం వేస్తుంటే గుయ్యిమని చప్పుడు, ఆ వెనకే కర్ర వేడెక్కి మాడిన వాసన, మాడిన వాసన అడుగున బెల్లం పాకం లాంటి సన్నటి తీపి. చెయ్యి చేటలో అలాగే ఉండిపోయింది. ఆ వాసన నేను పెరిగిన కొట్టంలోది.

మా ఊరు పెద్దవంగర పక్కన. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. అప్పుడు మాకు జిల్లా పేరుతో పనే పడేది కాదు, సంతకు మానుకోట, అంటే ఇప్పటి మహబూబాబాదే, పెద్ద దవాఖానకు ఓరుగల్లు, అంతే. మేము వడ్లవాళ్లం, కర్రపని మా ఇంటి వృత్తి. ఇంటి ముందు తాటికమ్మల కొట్టం, అందులో నాయిన పని. ఆ కొట్టంలో ఏ కాలానికి ఆ వాసన ఉండేది. మాఘమాసం పెళ్లిళ్లకు మంచం కోళ్లు, పెళ్లిపీటలు చేసేటప్పుడు టేకు పొట్టు నూనె వాసన. ఎండలు ముదిరి రోహిణి కార్తె వచ్చి నాగళ్లకు తుమ్మ మొద్దులు చెక్కేటప్పుడు పులిసిన గంజి లాంటి వాసన. వానలు మొదలైతే తడిసిన కమ్మల వాసనలో కలిసిపోయిన వేప చేదు. అవ్వ వాకిలి ఊడ్చి ముగ్గు వేసేలోపే ఊరి ముసలివాళ్లు ఒకరిద్దరు వచ్చి మొద్దుల మీద కూర్చుని చుట్టలు ముట్టించేవారు. కింద మోకాటి లోతు పొట్టు. నాయిన తలెత్తకుండానే, "మామా, నిప్పు జర పైలం, గిదంత కాలితె రేపు నీ కాష్టానికి గూడ కట్టె దొరకది" అనేవాడు. ఆ మాట ప్రతి రోజూ అనేవాడు, వాళ్లు ప్రతి రోజూ కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

దసరానాడు మాత్రం కొట్టంలో చప్పుడు ఉండేది కాదు. ఉలులు, బాడిసెలు, రంపాలు, సుత్తెలు అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గోడ వారగా పీట మీద వరసగా పేర్చేవారు. అవ్వ పొద్దుటి నుంచి గారెలు వండుతూ, సర్వపిండి తడుతూ పొయ్యి దగ్గరే ఉండేది, ఆ సర్వపిండి అంచులు గిన్నెకు అంటుకుని నల్లగా మాడినవి నాకు ఇష్టం. మిరుగు, అంటే మృగశిర కార్తె, ప్రవేశించిన రోజున ఊరంతా చేపల పులుసు వాసన కొడుతుంటే మా ఇంట్లో చేపలు వండరు కాబట్టి అవ్వ బెల్లంలో ఇంగువ పెట్టి గోలీలు చుట్టి మా నోట్లో వేసేది. ఘాటుకు కళ్ళల్లో నీళ్లు తిరిగేవి. "మింగు, ఒంట్లె వేడి వుడ్తది, వానలకు జొరం రాదు" అనేది. ఆ గోలీ గొంతులో దిగిందంటే ఇక నాయినకు ఊపిరాడని పని మొదలైనట్టే, ఎందుకంటే ఊరందరి గొర్లూ అప్పుడే మా కొట్టానికి వచ్చేవి.

గొర్రు అంటే విత్తనం వేసే పనిముట్టు. అడ్డకర్రకు కింద వరసగా పండ్లు, అవి నేలను సాళ్లుగా చీలుస్తూ పోతాయి. ఒక్కొక్క పంటి వెనక ఒక వెదురు గొట్టం. ఆ గొట్టాలన్నీ పైకి వచ్చి ఒకచోట కలిసే చోట కూర్చునే కర్ర గిన్నే జడ్డిగం. ఎద్దులు నడుస్తుంటే ఒక ఆడమనిషి పక్కన నడుస్తూ పిడికిట్లోంచి గింజలు అందులోకి జారవిడుస్తుంది, గింజలు గిన్నె అడుగున ఉన్న బెజ్జాల్లోంచి గొట్టాల్లోకి, గొట్టాల్లోంచి సాళ్లలోకి పోతాయి. గిన్నె లోపల బెజ్జాలు దగ్గర దగ్గరగా ఉండాలి, లేకపోతే పిడికిలి గింజలు సమంగా పంచుకోవు. గిన్నె బయటికి వచ్చేసరికి ఎడంగా జరగాలి, లేకపోతే గొట్టాలు ఒకదానికొకటి తగులుతాయి. అంటే ప్రతి బెజ్జం వాలుగా పోవాలి. నాలుగు పండ్ల గొర్రుకైతే నడిమి రెండూ కొంచెం వాలు, అంచు రెండూ ఎక్కువ వాలు. లోపల నున్నగా ఉండాలి. చిన్న పెచ్చు లేచినా దానికి ఒక గింజ తట్టుకుంటుంది, దాని వెనక ఇంకొకటి, ఇక ఆ గొట్టం మూసుకుపోతుంది. పోసే మనిషికి అది కనపడదు. మొలకలు వచ్చే రోజున పొలం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక సాలు బోడిగా పడి ఉంటుంది. దాన్ని మా ఊళ్లో గుడ్డి సాలు అనేవారు. దారిన పోయేవాళ్లు రైతును ఏమీ అనరు. "గీ జడ్డిగం జేసిన వడ్లాయనకు ఆ దినం కండ్లు తెర్వలేదా?" అంటారు.

బెజ్జాలు వేసే బర్మకు ఇద్దరు కావాలి. చేతి మందం కర్ర కదురు, దాని కొసకు ఇనుప మొన, పైన అరచేతిలో పట్టడానికి కొబ్బరి చిప్ప. చిప్పను నొక్కి పట్టి కూర్చునేవాడు ఒకడు, కదురుకు చుట్టిన తోలు తాడు కొసలు రెండు చేతులా పట్టుకుని మార్చి మార్చి లాగేవాడు ఇంకొకడు. అన్న జనగామలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాడు, అవ్వ నాట్లకో కలుపుకో కూలికి పోయేది, కాబట్టి తాడు నాది. మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉండేది: ఆడపిల్ల తాడు లాగొచ్చు, చిప్ప పట్టకూడదు. తాడు లాగేవాళ్లు బెజ్జాన్ని చూడరు, చూడాల్సిన పని లేదు. కానీ చేతులకు తెలుస్తుంది. మొన మెత్తటి కర్రలో ఉందా, ముడి మీద పడిందా, అవతలి ముఖానికి దగ్గరికి వచ్చిందా అన్నది తాడు బరువులో తేడా. నాయిన "ఇగ ఆపు" అనకముందే నా చేతులు ఆగిపోయేవి. ఆయన అది చూసేవాడు, మీసం కింద నవ్వు కొంచెం కదిలేది.

అన్నిటికన్నా కష్టం గుండ్రటి కట్టెకు వాలు బెజ్జం. మొన నిలవదు, జారుతుంది. నాయిన ప్రతి సారీ తనకు తనే చెప్పుకునేవాడు: "ముందుగాల నిలవెట్టు. మొన ఇల్లు గట్టుకోనీ. అటెన్క వంచు." అంటే నిట్టనిలువుగా మొదలుపెట్టి, మొన కూర్చునేంత గుంట పడ్డాక, తాడు ఆపకుండానే కదురును మెల్లగా కావలసిన వాలుకు వంచాలి. అవతలి వైపు మొన చుక్కలా కనపడగానే ఆపి, కట్టెను తిప్పి, ఆ చుక్కలోంచి ఇవతలికి రావాలి. ఒకే దిక్కు నుంచి పొడిచేస్తే బయటపడేచోట పెచ్చు లేస్తుంది. చివరికి కాల్చిన ఇనుప కడ్డీని అందులోంచి దూయాలి, లోపలి నూగు మాడి నున్నబడుతుంది. నేను మొదట చెప్పిన మాడిన తీపి వాసన అదే.

అరవై తొమ్మిదిలో నాకు పదేళ్లు నిండి ఉంటాయి. ఆ ఏడు బళ్లు బంద్ అయ్యాయి. అన్న ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని జనగామ నుంచి ఇంటికి వచ్చాడు. గొంతు బొంగురు పోయి ఉంది. "జొరమా బిడ్డా?" అని అవ్వ నుదురు పట్టి చూస్తే, "కాదే, జై తెలంగాణ అని ఒర్లి ఒర్లి గిట్లయింది" అన్నాడు. తరగతిలో తాను గట్ల, గిట్ల అంటే వెనకాల నవ్వేవాళ్లుండేవారని, మన రాష్ట్రం మనకొస్తే ఎట్ల మాట్లాడినా ఎవడూ నవ్వడని చెప్పేవాడు. సగం అర్థమయ్యేది, కానీ అన్న చెబుతున్నప్పుడు చుట్టలు తాగే ముసలివాళ్లు కూడా చుట్ట ఆరిపోయిన సంగతి మరిచిపోయేవారు. పిల్లలం, మాకు అదంతా ఒక ఆట. దారికి అడ్డంగా రాళ్లు పేర్చి మేకల మందను ఆపి, "జై తెలంగాణ అంటెనే ఇడుస్తం" అనేవాళ్లం. మేకలు మే అనేవి. సరే అన్నట్టే లెక్క అని రాళ్లు తీసేవాళ్లం. కాపరి తాత కర్ర తీసుకుని వెంటపడితే ఆయన్ని కూడా అనమని అడిగేవాళ్లం.

నాయిన నన్ను ఆ ఏడే బళ్లో వేస్తానన్నాడు. చిన్నపిల్లల మధ్య పెద్దదాన్ని కూర్చోవాలి, అయినా సరే అన్నాడు. మానుకోట సంతలో పలక కొన్నాడు, బళ్లు తెరవగానే పోవాలని మాట. "మరి తాడెవలు గుంజుతరు?" అని నేను అడిగితే, "ఎవడన్న కూలిపోరడు దొరుకుతడు తీయ్" అన్నాడు. ఆ మాటకు నాకు సంతోషం కలగలేదు. ఎందుకు కలగలేదో అప్పుడు తెలియలేదు.

అలాంటప్పుడు చిట్యాల నుంచి కబురు వచ్చింది, మా మేనత్తకు పాణం బాగా లేదని. చిట్యాల ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉంది. మాకు దూరాభారం, ఓరుగల్లు దాటి అడవి దిక్కుకు పోవాలి. మిరుగు ఇంకా రాలేదు కదా, పనులు మొదలయ్యేలోపు వచ్చేస్తానని నాయిన బస్సెక్కి పోయాడు. ఆయన పోయిన వెనకే బస్సులు బందైనాయి. రైళ్లు ఆగాయన్నారు, రోడ్ల మీద చెట్లు నరికి పడేశారన్నారు. ఆయన దగ్గర నుంచి ఏ కబురూ లేదు. మిరుగు వచ్చింది, ఇంగువ గోలీలు మింగాం, ఒక సాయంత్రం నల్లగా కమ్మి పెద్ద వాన పడింది.

తెల్లారి పొద్దున్నే కొమురవ్వ వచ్చింది. కొమురవ్వ మొగుడు లేని మనిషి, ఊరి చివర ఒక చెలక, అంటే వాన మీద పండే చేను, ఒక జత ఎద్దులు, సాయానికి ఒక తమ్ముడు. చేతిలో జడ్డిగం పట్టుకుని ఉంది, అది రెండు చెక్కలు. ఎండకు ముందే నెర్రె వాసి ఉందట, ఇప్పుడు గొట్టాలు దిగ్గొడుతుంటే విడిపోయింది.

"వడ్లాయన వచ్చిండా?"

"రాలేదక్కా, ఏడ చిక్కవడ్డడో ఏమో" అంది అవ్వ.

కొమురవ్వ గడప మీద కూలబడింది. "నేల పదును మాపటిదాక ఉంటది, శాన అయితె రేపటిదాక ఉంటది. ఎండ గొడితె పాయె. ఇంకో వాన ఎప్పుడొస్తదో ఎవలకెరుక? ఉన్నయే గుమ్మి అడుగున నాలుగు జొన్న గింజలు, అవి పొడి దుక్కిల ఎట్ల పోయాలె?" ఆమె ఎవరినీ అడుగుతున్నట్టు లేదు, చేతిలోని రెండు చెక్కలతో మాట్లాడుతున్నట్టు ఉంది. ఊళ్లో తక్కినవాళ్ల గొర్లన్నీ ఆ రోజు వాళ్ల వాళ్ల పొలాల్లోనే ఉన్నాయి. ఒకరి గొర్రు ఇంకొకరికి దొరికే రోజు కాదది.

అన్న లేచాడు. "నేను జేస్త పెద్దవ్వా" అన్నాడు. జనగామలో గొంతు పోయేలా అరిచి వచ్చినవాడికి జడ్డిగం ఒక లెక్కా అన్నట్టు. కొట్టంలో నాయిన ఎండబెట్టి గుండ్రంగా చెక్కి ఉంచిన తుమ్మ దిమ్మె ఒకటి ఉంది. అన్న గిన్నె తొలిచాడు, అది బాగానే వచ్చింది. తర్వాత చిప్ప పట్టి కూర్చున్నాడు, నేను తాడు పట్టాను. మొన జారింది. మళ్ళీ పెట్టాడు, మళ్లీ జారి ఆయన బొటనవేలు గీసుకుపోయింది. వేలు నోట్లో పెట్టుకుని, "గిది నీతోని అయితదా?" అన్నాడు, వెక్కిరింతకు.

నేను తాడు కొసలు ఆయన ఒళ్లో వేసి, లేచి అటు వైపు పోయాను.

"సరోజా!" అవ్వ పొయ్యి దగ్గర్నుంచి అరిచింది. "చిప్ప మీద చెయ్యేసినవంటె చూడు! ఆడిపిల్ల బర్మ వడితె ఇంట్ల పనిముట్టు నిలుస్తదా?"

నేను చెయ్యి వెనక్కు తీసుకున్నాను. అవ్వ కొమురవ్వ వైపు చూసింది. కొమురవ్వ చెంగుతో ముఖం తుడుచుకుని బయట ఎండ ఎంత ఎక్కిందో చూసింది. అవ్వ కొంతసేపు పొయ్యిలో కట్టెలు సర్దింది. చివరకు, "ముందుగాల ఉత్త కట్టె మీద చూడు" అంది, మా వైపు తిరగకుండానే.

విరిగిన పార కామలు, అంటే పిడికర్రలు, పాత రోకలి ముక్కలు మూలన పడి ఉండేవి. ఒక్కొక్కటే కాళ్ల మధ్య పెట్టుకుని వేశాను. మొదట నిలవెట్టు, మొన ఇల్లు కట్టుకోనీ. తాడు వైపు నుంచి ఎన్నో సార్లు విన్న మాటే, కానీ చిప్ప కింద అరచేయి మండుతుంటే దాని అర్థం వేరు. వంచడం ముందైతే జారుతుంది, ఆలస్యమైతే బెజ్జం వంకర పోతుంది. మూడో కామకు బెజ్జం శుభ్రంగా పడింది. అన్న ఒక కన్ను మూసి అందులోంచి ఆకాశం చూసి, "ఓరి నీ!" అన్నాడు.

ఇక వాలు ఎంత అన్నది తెలియాలి. నాయినకు అది కళ్లలో ఉండేది, మాకు లేదు. అన్నకు ఒక ఉపాయం తోచింది: పగిలిన జడ్డిగాన్ని తాడుతో కట్టి, దాని బెజ్జాల్లో జొన్న దంటు పుల్లలు గుచ్చాడు. పుల్ల ఎంత వాలితే మన కదురూ అంతే వాలాలి. చక్కని ఉపాయం. అలాగే వేశాం. నడిమి రెండూ సరిగానే వచ్చాయి. అంచు బెజ్జం సగంలో ఉండగా తాడు తేలికైపోయిందని అన్న అన్నాడు, నేను ఆపేలోపే మొన గిన్నె పక్క గోడలోంచి బయటికి వచ్చింది. చెక్క పెద్ద పెచ్చు లేచిపోయింది. తుమ్మ దిమ్మె పొయ్యిలోకి తప్ప పనికి రాదు.

కొమురవ్వ లేచి నిలబడింది. నేను పాత జడ్డిగం తీసుకుని ఎండలోకి పోయాను. పుల్లలు తీసి బెజ్జంలో వేలు పెట్టాను. కింది అంచు అద్దంలా నున్నగా, లోపలికి గుంట పడి ఉంది. పై అంచు అట్లా లేదు, నాయిన కడ్డీ దూసినప్పటి నలుపు ఇంకా ఉంది. ఏళ్ల తరబడి జారిన గింజలు కింది అంచును తినేశాయి. మేము పుల్లను ఆ అరిగిన గుంటలో పడుకోబెట్టి వాలు చూశాం. నాయిన వేసిన వాలు అది కాదు, జొన్నలు వేసిన వాలు.

"అన్నా, పుల్లను పై అంచుకు ఆనిచ్చి చూడాలె" అన్నాను. అన్న పుల్లను పైకి ఎత్తి పట్టాడు. వాలు చాలా తక్కువ.

కానీ దిమ్మె లేదు. పచ్చికట్టెతో చేస్తే ఎండకు నెర్రెలు వాసి బెజ్జాలు వంకర పోతాయి. కొట్టంలో ఆ మందాన ఎండిన కట్టె ఒక్కటే ఉంది, దూలానికి వేలాడగట్టి ఉన్న కుంభం కట్టె. బండిచక్రం నడుమ ఆకులన్నీ వచ్చి దిగే దిమ్మె అది. నాయిన ఏళ్లుగా నీడన ఎండబెడుతూ, మధ్య మధ్య దించి వేలితో కొట్టి చప్పుడు విని మళ్లీ కట్టేవాడు. దాన్ని ముట్టే ధైర్యం అన్నకూ లేదు. అవ్వ వచ్చి, మొద్దు మీద నిలబడి, తన చేత్తోనే తాడు విప్పి దించింది. "మీ నాయినకు నేను జెప్త. ఆమె గింజలు మురిగినంక మనకు బండి దేనికి?" అంది.

ఆ మధ్యాహ్నం తిరిగేసరికి జడ్డిగం అయిపోయింది. కడ్డీ కాల్చి దూసింది అవ్వే. చివరి బెజ్జానికి ఇవతల నుంచి తిరగేసి వేసేటప్పుడు అన్న తాడు లాగుతూ ఒక లాగుకు జై, ఇంకొక లాగుకు తెలంగాణ అంటుంటే, అవ్వ "నోరు మూసుకుని గుంజు, దాని చెయ్యి కదుల్తది" అని కసిరింది. కొమురవ్వ జడ్డిగాన్ని కొంగులో చుట్టుకుని పసిపిల్లను ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుని పోయింది. ఆ వెనకే మేమూ పోయాం. ఎద్దుల వెనక ఆమె తమ్ముడు, పక్కన పిడికిలి కదపకుండా వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ ఆమె, ఆ వెనక నేను. నేను ఏమీ చూడలేదు, విన్నాను. వెదురు గొట్టాల్లో గింజలు జారే చప్పుడు, చేటలో ఇసుక జార్చినట్టు, సన్నగా, ఆగకుండా. నాలుగు గొట్టాల్లోనూ ఉందా లేదా అని ఒక్కొక్క దాని పక్కకూ చెవి వంచుతూ ఆ చెలకంతా నడిచాను. అయినా నమ్మకం కుదరలేదు. మొలకలు వచ్చేదాకా ప్రతి పొద్దూ పోయి గట్టు మీద కూర్చునేదాన్ని. ఒక పొద్దున మట్టి పగిలి పచ్చటి సూదులు లేచాయి. ఆ చివరి నుంచి ఈ చివరికి, నాలుగు నాలుగు సాళ్లు, ఒక్క గుడ్డి సాలు లేదు.

నాయిన ఆ తర్వాత వచ్చాడు, సగం దూరం నడిచి, గడ్డం పెరిగి, మేనత్త ఇచ్చిన ఇప్పపువ్వు మూట భుజాన వేసుకుని. ఆమెకు నయమైందట. మా ఊరి బాట కొమురవ్వ చెలక గట్టు మీది నుంచే వస్తుంది. మూట దించకుండానే అడిగాడు.

"కొమురవ్వకు జడ్డిగం ఎవలు జేసిచ్చిండ్రు? గార్ల సంతకెల్లి తెచ్చుకున్నదా?"

"నీ బిడ్డ జేసింది" అంది అవ్వ.

"పరాచికాలకు అడుగుతలేను."

"నేను గూడ ఆడుతలేను. ముందుగాల కాళ్లు కడుక్కో. అటెన్క కోపం జేద్దువు, నీ కుంభం కట్టె గూడ అయిపాయె."

నాయిన దూలం వైపు చూశాడు. ఖాళీ తాడు వేలాడుతూ ఉంది. నెత్తి పట్టుకుని మొద్దు మీద కూర్చున్నాడు. "కుంభం కట్టెను జడ్డిగం జేసిండ్రా! పెండ్లికి దాసిన పట్టుచీరెను చింపి మసిబట్ట జేసినట్టు!" అన్నాడు. ఆ మాట ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అంటూనే ఉన్నాడు. కానీ ఆ రోజు కాళ్లు కూడా కడుక్కోకుండా కొమురవ్వ ఇంటికి పోయాడు. జడ్డిగం తీసుకుని చిటికెనవేలు ఒక్కొక్క బెజ్జంలోనూ తిప్పి చూసి తిరిగి ఇచ్చాడని ఆమె చెప్పింది. ఇంటికి వచ్చి నన్ను పిలిచాడు.

"పాత దాన్ల పై అంచు వట్టి వాలు చూడాల్నని ఎవలు జెప్పిండ్రు నీకు?"

"ఎవలు జెప్పలే. కింది అంచును గింజలు తిన్నయ్."

"నాకు గూడ మా నాయిన జెప్పలే. రెండు దిమ్మెలు చెడగొట్టినంక తెలిసింది."

"నేను ఒక్కటే చెడగొట్టిన" అన్నాను. నాయిన నవ్వాడు. అవ్వ కూడా నవ్వి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వానాకాలం గడిచి, బళ్లు తెరుస్తున్నారని కబురు వచ్చింది. ఆ సాయంత్రం అన్న ట్రంకు పెట్టె సర్దుకుంటున్నాడు. ముందు నన్ను ఊరి బళ్లో దింపి, తర్వాత జనగామ బస్సు ఎక్కుతానన్నాడు. నాయిన కొట్టంలోంచి వచ్చి నన్ను అడిగాడు: "బడికి పోతవా, బర్మ వడ్తవా? రెండిట్ల ఏదైనా నాకు సమ్మతమే."

"బడికే పోతది" అంది అవ్వ. "బర్మ వట్టె పిల్లను ఎవడు జేసుకుంటడు?"

"చదువుకో చెల్లె, తెలంగాణ వస్తె నౌకర్లన్ని మనయే" అన్నాడు అన్న.



ఆ నౌకర్లు చూసేదాకా అన్న బతకలేదు. రాష్ట్రం వచ్చిన రోజున జనగామ చౌరస్తాలో పటాకులు కాలుస్తుంటే, అన్న ఉంటే ఎంత గొంతు చించుకునేవాడో అనుకుంటూ ఒక్కదాన్నే నిలబడ్డాను. కొమురవ్వ లేదు, ఆమె చెలకలో పత్తి వేస్తున్నారు, పత్తికి గొర్రుతో పని లేదు. పచ్చజొన్న గటక, అంటే ఆ జొన్నల సంకటి, నా మనవరాలు ఎరగదు. గొర్లు ఒకటొకటే పొయ్యిల్లోకి పోయాయి. మా ఊళ్లో కొట్టం ఉన్నచోట సిమెంటు గోడ ఉంది. పిడికిలి కదపకుండా గింజలు జార్చే చేతులున్న ఆడవాళ్లు ఒక్కరైనా మిగిలి ఉంటారా అంటే నాకు తెలియదు, మిగిలినా ఆ చేతులకు ఇప్పుడు పని లేదు. పెళ్లి దాకా నాయిన దగ్గర పని చేశాను, పెళ్లయ్యాక అత్తింట్లో ఎవరూ నాకు బర్మ ఇవ్వలేదు. చదువు లేని బాధ లేదా అంటే ఉంది. బస్సు మీద ఊరి పేరు ఇంకొకరిని అడిగి తెలుసుకున్న ప్రతి సారీ ఉంది. కానీ ఇప్పుడు అక్షరాలు వచ్చాయి కదా అని ఆనాటిది అబద్ధం రాయలేను.

మరునాడు పొద్దున అవ్వ నాకు నూనె పెట్టి రెండు జడలు వేసింది, కొత్త లంగా కట్టింది. అన్న పెట్టె నెత్తిన పెట్టుకుని వాకిట్లో నిలబడి, "రా చెల్లె, పొద్దెక్కుతంది" అని పిలిచాడు. నాయిన అప్పుడే కొట్టంలోకి వచ్చి మొద్దులు జరుపుతున్నాడు. నేను లంగా మోకాళ్ల మీదికి దోపుకుని లోపలికి పోయి, ఆయన కూర్చునే చోట కూర్చుని, కొబ్బరి చిప్ప అరచేతిలో పెట్టుకుని, తాడు కొసలు రెండూ ఆయన వైపు విసిరాను.